సీలు వెనక ఏముందో: ఐదు పాత బొమ్మల పరీక్ష డైరీ

1వ రోజు

పార్సిల్ మధ్యాహ్నం వచ్చింది. టేబుల్ మీద ఉతికిన తెల్లగుడ్డ పరిచి, చేతులు కడుక్కుని, తడి పూర్తిగా ఆరాక ఒక్కో బొమ్మా బయటికి తీశాను. ఐదు యాక్షన్ ఫిగర్లు, అంటే కాళ్లూ చేతులూ కదిలే చిన్న బొమ్మలు. ఐదూ అట్టకి (దాన్నే కార్డు అంటాం) అతికించిన ప్లాస్టిక్ బబుల్‌లోనే ఉన్నాయి. అమ్మినాయన అన్నిటికీ ఒకే మాట రాశాడు: "ఫ్యాక్టరీ సీల్డ్." ఆ మాట ఒక్కో ముక్క విషయంలో ఎంత నిజమో తేల్చుకోవడానికే ఈ డైరీ మొదలుపెట్టాను.

వచ్చినవి ఇవి: కెన్నర్ కంపెనీ స్టార్ వార్స్ బొమ్మలు రెండు. ఒకటి రెండో సినిమా ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్ పేరున్న కార్డు మీద స్టార్మ్‌ట్రూపర్, ఇంకోటి మూడో సినిమా రిటర్న్ ఆఫ్ ది జెడై కార్డు మీద గమోరియన్ గార్డ్. హాస్‌బ్రో వాళ్ల జీ.ఐ.జో సైనికుల బొమ్మల నుంచి 1985 నాటి ఫ్లింట్. మాటెల్ వాళ్ల హీ-మ్యాన్ వరుసలోని స్కెలిటర్. ప్లేమేట్స్ వాళ్ల నింజా తాబేళ్లలో డొనాటెల్లో, 1988లో ఆ వరుస మొదలైనప్పటిది.

సీల్డ్ అనగానే మనం దాన్ని ఒకే వస్తువుగా చూస్తాం. నిజానికి అక్కడున్నవి నాలుగు: అట్ట, బబుల్, ఆ రెండిటినీ కలిపిన అతుకు, లోపలి బొమ్మ. నాలుగూ ఒకే రోజు ఫ్యాక్టరీలో కలిసినవైతే, నలభై ఏళ్లుగా ఒకే వెలుతురు, ఒకే వేడి, ఒకే చెమ్మ చూసుంటాయి. వాటి వయసులు ఒకదానితో ఒకటి పొసగాలి. ఒకటి బాగా వెలిసిపోయి, దాని పక్కది నిన్న తయారైనట్టు మెరుస్తుంటే ఎక్కడో తేడా ఉందని అర్థం.

నాకు ఈ విద్య నేర్పిన అన్నకి రాత్రి ఫోన్ చేశాను. ముప్పై ఏళ్లుగా ఇవే చూస్తున్న మనిషి. "ముందు బొమ్మని చూడకు తమ్ముడూ, అంచు చూడు. బొమ్మని చూస్తే మనసు అటే లాగేస్తుంది" అన్నారు. అప్పటికే ట్రూపర్‌ని పావుగంట సేపు చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి కూడా చెప్పాను. "అయితే ఇవాళ్టికి లైటు ఆపేసి పడుకో, రేపు మొదలుపెట్టు" అన్నారు. అలాగే చేశాను.

2వ రోజు

ఇవాళ ఫోటోలు మాత్రమే. ఫ్లాష్ వాడలేదు. రెండు పక్కల నుంచి ఒకే రకం బల్బులు, మధ్యలో బూడిదరంగు కార్డు, పక్కన స్కేలు. ఒక్కో దానికి ముందు, వెనక, నాలుగు అంచులు, నాలుగు మూలలు తీశాను. తర్వాత లైటు పక్కనుంచి, దాదాపు టేబుల్ మట్టానికి దించి మళ్లీ తీశాను. ఎదురుగా వెలుతురు పడితే కనిపించని మడతలు, పొంగులు, నొక్కులు పక్క వెలుతురులో గుట్టల్లా లేస్తాయి. గమోరియన్ గార్డ్ కార్డు చేతిలో చూసినప్పుడు నున్నగా ఉంది. పక్క వెలుతురులో హ్యాంగర్ రంధ్రం నుంచి కిందికి నరాల్లాంటి సన్న గీతలు మూడు కనిపించాయి. కొట్లో కొక్కేనికి వేలాడదీసి, లాగి, మళ్లీ తగిలించిన కార్డుకి పడే గీతలవి. ఇలాంటి లోపం చూస్తే నాకు నమ్మకం పెరుగుతుంది. కొట్లో గడిపిన కాలం అట్ట మీద కనిపించాలి కదా.

హ్యాంగర్ రంధ్రం గురించి ఒక మాట. రంధ్రంలోని అట్టముక్క ఊడకుండా అలాగే ఉంటే దాన్ని అన్‌పంచ్డ్ అంటారు, ధర బాగా పెరుగుతుంది. కాబట్టి ఊడిన ముక్కని తిరిగి అతికించేవాళ్లూ ఉంటారు. లెన్సుతో చూస్తే తేలిపోతుంది: అసలైన దానిలో రెండు మూడు చోట్ల సన్నటి వంతెనల్లా అట్ట తెగకుండా నిలిచి ఉంటుంది. అతికించిన దానిలో ఆ వంతెనల దగ్గర జిగురు మెరుపో, తెగిన పీచో కనిపిస్తుంది. నా ఐదింటిలో డొనాటెల్లో ఒక్కటే అన్‌పంచ్డ్. వంతెనలు శుభ్రంగా ఉన్నాయి.

3వ రోజు

ముద్రణ చూశాను. 30 రెట్లు పెంచి చూపించే లెన్సు, ఫోనుకి తగిలించే చిన్న మైక్రోస్కోపు వాడాను.

ఈ కార్డులన్నీ ఆఫ్‌సెట్ ముద్రణ. నీలం, గులాబీ, పసుపు, నలుపు చుక్కలు వేర్వేరు కోణాల్లో పడి చిన్న చిన్న పువ్వుల్లా అల్లుకుంటాయి. ఫోటో ఉన్నచోట ఆ పువ్వులు ఉండాలి. అక్షరాలు ఉన్నచోట మాత్రం రంగు ఏకంగా పరుచుకుని అంచు కత్తితో కోసినట్టు ఉండాలి. పాత కార్డుని స్కాన్ చేసి మళ్లీ అచ్చేస్తే నల్ల అక్షరాలు కూడా చుక్కలుగా విరిగిపోతాయి. ఇంక్‌జెట్ అయితే చుక్కలకి వరుసే ఉండదు, ఇసుక చల్లినట్టుంటాయి. కెన్నర్ కార్డుల్లో ఇంకో మంచి గుర్తు ఉంది: బొమ్మ ఫోటో చుట్టూ, పేరు చుట్టూ తిరిగే వెండిరంగు పట్టీ. కలెక్టర్లు దాన్ని రేస్‌ట్రాక్ అంటారు. అది వెండి సిరాతో విడిగా అచ్చేసినది. కార్డుని అటూఇటూ తిప్పితే లోహంలా వెలిగి ఆరుతుంది. నాలుగు రంగుల ప్రింటరు ఆ మెరుపు తేలేదు, బూడిదరంగు మాత్రమే ఇవ్వగలదు.

ట్రూపర్ కార్డూ, గార్డ్ కార్డూ రెండూ ఇక్కడ నెగ్గాయి. పువ్వులు సరిగ్గా ఉన్నాయి, అక్షరాలు తేటగా ఉన్నాయి, వెండి పట్టీ వెలిగింది. ట్రూపర్ విషయంలో మనసులో ఉన్న టెన్షన్ కొంచెం తగ్గింది. అట్ట అసలుదే.

4వ రోజు

వెనకవైపు చూశాను. కెన్నర్ కార్డుల వయసు తెలిసేది వెనకే. 1978లో మొదట దుకాణాలకొచ్చిన కార్డుల వెనక 12 బొమ్మలుంటాయి, అందుకే వాటిని 12-బ్యాక్ అంటారు. బొమ్మలు పెరిగేకొద్దీ 20, 21 అయ్యాయి. 1980 నాటి ఎంపైర్ కార్డులు 31తో మొదలై 48 దాకా వెళ్లాయి. 1983 నాటి జెడై కార్డుల్లో 65-బ్యాక్ ఒక రకం. చివరికి పవర్ ఆఫ్ ది ఫోర్స్ పేరుతో, నాణెంతో కలిపి అమ్మినవి 92-బ్యాక్. 1985తో ఆ వరుస ఆగిపోయింది. నా ట్రూపర్ 41-బ్యాక్, గార్డ్ 65-బ్యాక్.

ఈ బొమ్మల కథలో నాకు ఎప్పటికీ ఇష్టమైన ఘట్టం ఒకటుంది. సినిమా 1977 మేలో వచ్చింది. అంత పెద్ద ఎత్తున ఆడుతుందని బొమ్మల కంపెనీ ఊహించలేదు. ఆ క్రిస్మస్‌కి బొమ్మలు తయారు కాలేదు. దాంతో బొమ్మ లేకుండా, తర్వాత పంపిస్తామన్న సర్టిఫికెట్ ఉన్న అట్ట కవరునే అమ్మారు. జనం కొన్నారు. 1978 మొదట్లో నాలుగు బొమ్మలు పోస్టులో ఇళ్లకి చేరాయి: ల్యూక్, లేయా, ఆర్2-డీ2, చ్యూబాకా.

కార్డుల మీద ప్రూఫ్ ఆఫ్ పర్చేజ్ అనే ముద్ర ఉంటుంది. 1979లో నాలుగు ముద్రలు కత్తిరించి పంపితే బోబా ఫెట్ బొమ్మ ఉచితంగా వచ్చేది. అందుకే ఎన్నో పాత కార్డులకి ఆ చోట చతురస్రంగా కోసిన రంధ్రం ఉంటుంది. సీలు విప్పని బొమ్మ మీద అది కోసి ఉండటం అరుదు. నా రెండు కార్డులకీ ముద్ర అలాగే ఉంది.

ఇవాళే ఒక విషయం కంటబడింది, వెంటనే రాసుకున్నాను. ట్రూపర్ కార్డు వెనకవైపు ఫోటోల్లో మనుషుల ముఖాల రంగు వెచ్చగా ఉంది. ముందువైపు మొత్తం చల్లగా, నీలంగా జారిపోయింది. వెలుతురుకి ముందుగా లొంగేవి సాధారణంగా పసుపు, గులాబీ సిరాలు. నీలం, నలుపు ఎక్కువకాలం నిలుస్తాయి. అంటే ఈ కార్డు ముందువైపు ఏళ్ల తరబడి కిటికీ వెలుతురులో ఉంది. మరి దాని మీదున్న బబుల్ నీళ్లంత తేటగా ఎలా ఉంది?

5వ రోజు

ఆ ప్రశ్నతోనే నిద్ర లేచాను. తొందరపడి తీర్పు చెప్పకూడదని ముందు బబుల్ పసుపుబారడం గురించి నాకు తెలిసింది మళ్లీ నెమరేసుకున్నాను.

బబుల్ పీవీసీ అయితే, వేడికీ అతినీలలోహిత కాంతికీ దానిలోంచి హైడ్రోజన్ క్లోరైడ్ కొద్దికొద్దిగా విడిపోతుంది. అది పోయినచోట కార్బన్ గొలుసులో జంట బంధాలు వరుసగా ఏర్పడతాయి. అవి నీలం కాంతిని పీల్చుకుంటాయి, కాబట్టి మన కంటికి పసుపు చేరుతుంది. చీకటి పెట్టెలో ఉన్నా ఇది పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుంది. అయితే అన్ని బబుల్సూ ఒకేలా పసుపుబారవు. పక్కపక్కన వేలాడిన రెండింటిలో ఒకటి తేనెరంగుకి తిరిగి, ఇంకోటి తేటగా ఉండటం చూశాను. ప్లాస్టిక్ పోత తేడా అది. కాబట్టి తేటగా ఉన్నంత మాత్రాన నకిలీ కాదు. అనుమానించడానికి చాలు, శిక్ష వేయడానికి చాలదు.

సాయంత్రం గది చీకటి చేసి 365 నానోమీటర్ల యూవీ టార్చ్ తీశాను. కళ్లకి రక్షణ అద్దాలు పెట్టుకున్నాను.

యూవీ విషయంలో చాలామంది పొరబడతారు. కాగితం తెల్లగా కనిపించడానికి కలిపే రసాయనాలు యూవీ కింద నీలం తెలుపుగా మెరుస్తాయి. మెరిసిందంటే కొత్త కాగితమే, నకిలీయే అని తేల్చేస్తారు. ఆ రసాయనాలు 1950ల నుంచీ వాడుకలో ఉన్నాయి. పాత అట్టలూ మెరవొచ్చు. పనికొచ్చేది పోలిక ఒక్కటే: నమ్మకమైన అదే రకం కార్డు పక్కన పెట్టి, ఒకే వెలుతురులో రెండూ చూడాలి. నా దగ్గర సీలు తీసేసిన ఎంపైర్ కార్డు ఒకటుంది, మచ్చలుపడినా అసలుది. దాని పక్కన ట్రూపర్ కార్డు పెట్టాను. అట్ట మెరుపు రెండిట్లోనూ ఒకేలా, మసకగా ఉంది.

టార్చ్ బబుల్ అంచు మీదికి తెచ్చాను. కుడివైపు అంచు పొడుగునా దారం అంత సన్నగా, జిగురు కారినట్టు నీలం గీత వెలిగింది. కింద మూల దగ్గర అది చిన్న బొట్టుగా గుమికూడింది. మిగతా నాలుగు బొమ్మల్లో ఏ అంచూ అలా వెలగలేదు.

టార్చ్ ఆపి చాలాసేపు చీకట్లోనే కూర్చున్నాను.

6వ రోజు

పగటి వెలుతురులో, లెన్సు కింద, ఆ అంచే.

ఫ్యాక్టరీలో బబుల్‌ని జిగురు రాసి అతికించరు. అట్ట పైపొరకే వేడికి కరిగే పూత ఉంటుంది. బబుల్ అంచుని దాని మీద పెట్టి వేడిగా నొక్కుతారు. అతుకు వెడల్పు చుట్టూ ఒకేలా ఉంటుంది, ఎక్కడా బయటికి పొంగదు. ఎప్పుడైనా ఆ బబుల్ లాగితే పూతతో పాటు ముద్రించిన పైపొర కాగితమూ ఊడొస్తుంది, కింద పీచు బయటపడుతుంది.

ట్రూపర్ అంచు దగ్గర మూడు విషయాలు చూశాను. ఒకటి, నొక్కు వెడల్పు సమంగా లేదు. రెండు, కుడివైపు బబుల్ అంచు బయట, ఒక మిల్లీమీటరు కూడా లేని పట్టీ మేర కార్డు రంగు గాఢంగా, వెచ్చగా ఉంది. అంటే అక్కడ ఒకప్పుడు ఇంకో బబుల్ అంచు ఉండి వెలుతురు నుంచి ఆ భాగాన్ని కాపాడింది. ఇప్పుడున్న బబుల్ దాని మీద సరిగ్గా కూర్చోలేదు. మూడు, కింది మూలలో కాగితం పీచు లేచింది, దాని మీద నల్ల పెన్నుతో రంగు దిద్దారు. ముద్రణ చుక్కల మధ్యలో ఆ నలుపు చుక్కల్లేకుండా సిరా మరకలా పరుచుకుంది. మూల లోపల బబుల్ గోడ మీద తెల్లటి పలుచటి పొగమంచు పట్టింది. సూపర్ గ్లూ ఆవిరి దగ్గర్లోని ప్లాస్టిక్ మీద పేరుకుంటే అలాగే ఉంటుంది.

అప్పుడు మొదటిసారి బొమ్మని శ్రద్ధగా చూశాను. మోకాళ్ల మీద, మోచేతుల దగ్గర నల్ల గీతల రంగు అరిగింది. ఎవరి చేతిలోనో ఆడిన బొమ్మ. బబుల్‌లోనే ఉండిపోయిన బొమ్మకి మోకాళ్లు అరగవు.

అట్ట అసలుది. బొమ్మ దాదాపు ఖాయంగా అసలుదే. కానీ ఆ రెండూ కలిసి పుట్టినవి కావు. బబుల్ కొత్తది, అతుకు ఇంకా కొత్తది. నాలుగు వయసులు పొసగలేదు.

8వ రోజు

నిన్నంతా వీటి జోలికి పోలేదు. ఇవాళ ఫ్లింట్.

ఇది మొదట చూసినప్పుడు గుండె జారింది. బొమ్మ నడుము దగ్గర రెండు ముక్కలై, కాళ్లు బబుల్ అడుగున అడ్డంగా పడున్నాయి. ఎవరో తెరిచి విరగ్గొట్టి మళ్లీ మూశారేమో అనుకున్నాను. అంచు చుట్టూ చూశాను: వెడల్పు సమంగా ఉంది, యూవీ కింద గీత లేదు, పీచు లేవలేదు. వెనక సైనికుడి వివరాల కార్డు కత్తిరించలేదు, ఫ్లాగ్ పాయింట్లు (కత్తిరించి పోగుచేసే కూపన్లు) అలాగే ఉన్నాయి. బబుల్ లేత పసుపుకి తిరిగింది, కార్డు రంగు కూడా అదే మోతాదులో తగ్గింది. ఇక్కడ అన్నీ ఒకదానికొకటి పొసిగాయి.

కారణం లోపలుంది. 1982లో మొదలైన ఈ చిన్న జీ.ఐ.జో బొమ్మల మొండేన్నీ కాళ్లనీ కలిపి ఉంచేది ఒక నల్ల రబ్బరు రింగు. కాళ్ల పైనున్న లోహపు కొక్కేనికి తగిలి, ఛాతీ లోపలికి లాగి పట్టుకుంటుంది. ఎప్పుడూ సాగి ఉండే రబ్బరు అది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండి, పగులుతుంది, ఒక రోజు తెగుతుంది. ఎవరూ ముట్టుకోకపోయినా తెగుతుంది. అదే బొమ్మ బయట ఉంటే వెనక స్క్రూ విప్పి కొత్త రింగు వేస్తే రెండు నిమిషాల పని. సీలు లోపల ఉన్నంతకాలం దానికి మందు లేదు.

అన్నకి ఫోటో పంపితే వెంటనే ఫోన్ చేశారు. "నిజాయితీ గల ముక్క తమ్ముడూ, భద్రంగా పెట్టు" అన్నారు. ఈ ఐదింటిలో నాకు మనసుకి దగ్గరైంది ఇదే. రెండు ముక్కలైన ఈ ఫ్లింట్ 3¾ అంగుళాల చిన్న బొమ్మే. కానీ దాని మీద జరిగిందంతా కాలం చేసిందే.

9వ రోజు

స్కెలిటర్, డొనాటెల్లో, గార్డ్. త్వరగా అయిపోయాయి.

డొనాటెల్లో ఆయుధాలన్నీ తయారైన గోధుమరంగు ప్లాస్టిక్ చట్రానికే అంటుకుని ఉన్నాయి. ఒక్కటీ తుంచలేదు. ఆడిన పిల్లవాడు చేసే మొదటి పని వాటిని తుంచడమే, కాబట్టి ఇది బలమైన సాక్ష్యం. స్కెలిటర్ వెనక చిన్న కామిక్ పుస్తకం అంచు కనిపిస్తోంది, కాగితం అంచుల నుంచి లోపలికి గోధుమరంగు తిరిగింది, అలాగే తిరగాలి. బొమ్మ మెత్తటి భాగాల మీద కొంచెం తడి మెరుపుంది. మెత్తదనం కోసం కలిపిన రసాయనం పైకి తేలుతున్నట్టుంది. వచ్చే ఏడాది ఇదే కోణంలో ఫోటో తీసి పోల్చాలి. గార్డ్ బబుల్ తేనెరంగు, కార్డు బాగుంది, అతుకు మచ్చలేనిది.

గ్రేడింగ్‌కి పంపాలా అని ఆలోచించాను. ఏఎఫ్ఏ లాంటి సంస్థలు అట్టకి, బబుల్‌కి, బొమ్మకి విడివిడిగా మార్కులు వేసి అక్రిలిక్ పెట్టెలో పెట్టి ఇస్తాయి. ఆ విడి మార్కులు మొత్తం మార్కు కన్నా నాకెక్కువ విలువైనవి. గార్డ్, డొనాటెల్లో పంపుతాను. ఫ్లింట్‌ని పంపను, దానికి మార్కు వేయించాలని లేదు.

11వ రోజు

ట్రూపర్ ఫోటోలన్నీ అమ్మినాయనకి పంపాను. నిందించలేదు. అంచు, నీలం గీత, అరిగిన మోకాళ్లు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం రాశాను. ఆయన సాయంత్రం ఫోన్ చేశారు. తానూ పదేళ్ల క్రితం సీల్డ్ అనే కొన్నానని, ఎప్పుడూ యూవీ కింద చూడలేదని చెప్పారు. గొంతులో బాధ వినిపించింది. నమ్మాను. బొమ్మ, కార్డు విడివిడిగా ఉంటే పలికే ధర మాత్రం ఉంచుకుని మిగతాది తిరిగి పంపారు. బొమ్మ నన్నే ఉంచుకోమన్నారు.

14వ రోజు

తెరిచాను.

ఫ్యాక్టరీ సీలు అయితే నా చేతులు వచ్చేవి కావు. ఇది సూపర్ గ్లూ. పల్చటి బ్లేడుని కింది మూల నుంచి అట్టకి సమాంతరంగా, మిల్లీమీటరు మిల్లీమీటరుగా జరిపాను. నలభై నిమిషాలు పట్టింది. బబుల్ లేచాక, పాత అంచు ఒకప్పుడు కప్పి ఉంచిన పట్టీ మొత్తం బయటపడింది. చిరగని చోట్ల రంగు ఎంత గాఢంగా ఉందంటే, మిగతా కార్డు అప్పటిదాకా ఎంత కోల్పోయిందో నాకు అప్పుడే తెలిసింది. ఈ కార్డు దుకాణంలో వేలాడిన రోజున ఎలా ఉందో ఆ సన్నటి పట్టీలో చూశాను.

బొమ్మ కాళ్ల వెనక ముద్ర చదివాను: జీఎమ్ఎఫ్‌జీఐ 1977, కింద హాంకాంగ్. జీఎమ్ఎఫ్‌జీఐ అంటే జనరల్ మిల్స్ ఫన్ గ్రూప్. అప్పట్లో కెన్నర్ యజమాని జనరల్ మిల్స్. అక్షరాలు చిన్నవైనా పదునుగా ఉన్నాయి. బొమ్మని అచ్చు తీసి మళ్లీ పోస్తే ముందుగా మొద్దుబారేవి ఈ అక్షరాలే.

తుపాకీని గ్లాసు నీళ్లలో వేశాను. అసలైన కెన్నర్ ఆయుధాలు చాలావరకు తేలతాయి, నకళ్లు చాలావరకు మునుగుతాయి. ఇది మునిగింది. ఒక్క పరీక్షతో తేల్చకూడదని లెన్సు కింద పెట్టాను. గొట్టం మీద గాడులు కరిగిన సబ్బులా ఉన్నాయి. తుపాకీ నకలే.

16వ రోజు

భద్రపరచడం. కిటికీ ఎదుటి గోడ మీద పెడదామనుకున్న చోట మధ్యాహ్నం ఫోనుతో కొలిస్తే వెలుతురు 400 లక్స్ పైనే ఉంది. మ్యూజియాల్లో కాగితానికి 50 లక్స్ దాటనివ్వరు. లోపలి గది అల్మరాకి మార్చాను. చెమ్మ మీటరు 48 శాతం చూపిస్తోంది, చాలు. సిలికా జెల్ ఎక్కువ వేస్తే అట్ట ఎండి వంగుతుంది, అందుకని ఒక్క పొట్లమే పెట్టాను. బొమ్మల్ని ఒకదాని మీద ఒకటి పేర్చలేదు, నిలబెట్టాను, బబుల్ మీద బరువు పడకుండా.

ప్రతిదాని వెనక ఆమ్లంలేని కాగితం మీద పెన్సిలుతో రాసి, కార్డుకి తగలకుండా కవరులో పెట్టాను. ట్రూపర్‌ది ఇలా రాశాను: "కార్డు అసలు, 41-బ్యాక్. బొమ్మ అసలు. బబుల్ కొత్తది, తీసేశాను. తుపాకీ నకలు. కింది మూల నల్ల పెన్నుతో దిద్దారు." రేపెప్పుడైనా ఇది నా చేతుల్లోంచి వెళ్లినా ఆ కాగితం కూడా దానితోనే వెళ్తుంది.

కార్డు కవరులోకి వెళ్లింది. బొమ్మ కాళ్లు వదులయ్యాయి, నిలబెడితే కొంచెం వెనక్కి వాలుతోంది. ఫ్లింట్ పక్కన, గోడకి ఆనించి పెట్టాను.